పోరుమామిళ్ల చెరువు లెక్క

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవ ఆలయం ముందున్న శాసనాన్ని చదివితే ఇది దానపత్రమా, ఇంజనీరింగు పాఠమా అన్న అనుమానం వస్తుంది. కాలం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఇక్కడి చెరువు కట్టించాడు. రోజూ 1,000 మంది కూలీలు పనిచేస్తే, రాయి తోలడానికి 100 బండ్లు తిరిగితే, రెండేళ్లకు పూర్తయింది.

సంస్కృత శ్లోకాల్లో ఉన్న ఈ శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెబుతుంది. కట్టలో ఊట ఉండకూడదు. చవుడు నేల పనికిరాదు. చెరువు నడుమ మిట్ట ఉండకూడదు. నీళ్లు కొంచెమై పొలం ఎక్కువైనా, పొలం కొంచెమై నీళ్లు ఎక్కువైనా దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో అసలు కట్టొద్దట! నీటి తగాదాలు బాగా చూసినవాళ్లు చెప్పిన మాటే అయ్యుండాలి.

ఇక 12 అంగాల్లో మొదటిది ధర్మాత్ముడు, ధనవంతుడు అయిన రాజు. పాతకాలం పల్లెలు ఎవరి మీదా ఆధారపడలేదని మురిసిపోయేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. పెట్టుబడి బయటి నుంచే వచ్చింది.

ఊరు తన చేతిలో ఉంచుకున్నది ఆ తర్వాతి పని. రాయలసీమలో చెరువు కట్టినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం ఇనాం కింద భూమి దక్కేది. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత వదలాలో నీరుగంటి చూసుకునేవాడు. అతనికి నెల జీతం లేదు. కోతలయ్యాక కళ్లంలోనే రైతులు గింజలు కొలిచి మేర ఇచ్చేవారు. పంట పోతే అతని మేరా పోయినట్టే, అందుకే గండి పడకుండా కాయడం అతనికీ అవసరమే. ఎండాకాలం పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటే చెరువు లోతూ పెరిగేది, చేను సత్తువా పెరిగేది.

ఆ కట్టుబాటు 19వ శతాబ్దానికి సడలింది. శిస్తు సర్కారుకు పోతుంటే కట్టకు మట్టి ఎవరు మోస్తారు? చివరికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. అలవాటు ప్రకారం చెరువు పనికి రావలసిన రైతు రాకపోతే, అతని నుంచి డబ్బు వసూలు చేసే అధికారం దాంతో వచ్చింది.