కరెంటు తీగ మీది పింగాణి

మా హోసూరుకు నైరుతిన శివనసముద్రం, ఈశాన్యాన కోలారు బంగారు గనులు. 1902లో శివనసముద్రంలోని కావేరి జలపాతం దగ్గర పుట్టించిన కరెంటును 92 మైళ్ళు తీగల మీద నడిపించి ఆ గనులకు చేర్చారు. తీగకూ స్తంభానికీ నడుమ ఉండి, వానలో తడిసినా కరెంటును కిందికి దిగనీయని ఇన్సులేటర్లు లేకపోతే ఆ పని సాగేది కాదు. మైసూరు సీమలో కరెంటు ఊరూరికీ పాకేకొద్దీ వాటి అవసరం పెరిగింది. 1930లలో, మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా, సంస్థానం బెంగుళూరులో సర్కారు పింగాణి ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అది మైసూర్ పోర్సలిన్స్ అయింది, ఆ పైన బీహెచ్ఈఎల్‌లో కలిసింది.

నా ఉద్యోగమంతా ఇన్సులేటర్ల పరీక్ష గదిలోనే గడిచింది. అందుకే మట్టిపని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు తెల్లటి గిన్నె పట్టుకొచ్చి, "సార్, 1220 డిగ్రీల్లో కాల్చాం, దీన్ని పింగాణి అనొచ్చా?" అని అడిగితే నాకు ఉత్సాహం పుడుతుంది. 1300 దాకా కాలనిది పింగాణి కాదని వాళ్ళకు ఎవరో చెప్పి ఉంటారు.

ఆ పట్టింపు జర్మనీ నుంచి వచ్చింది. 1708లో బోట్‌గర్ అనే ఆయన డ్రెస్డెన్‌లో చీనా పాత్రల గుట్టు పట్టుకున్నాడు. 1710లో మైసెన్‌లో కార్ఖానా లేచింది. అక్కడి కొలిమి వేడి 1400 డిగ్రీల దరిదాపుల్లో ఉండేది. యూరపుకు అదే కొలత అయిపోయింది. కానీ వాళ్ళు ముచ్చటపడిన చీనా పాత్రలు చాలావరకు అంత వేడి చూసినవి కావు, 1250, 1300 మధ్య కాలినవి. ఎముకల బూడిద కలిపి ఇంగ్లండు వాళ్ళు చేసిన బోన్ చైనా కూడా 1250 దగ్గరే గట్టిపడుతుంది.

కొలిమిలో జరిగేది చూస్తే సంగతి తేటపడుతుంది. తెల్లమట్టి, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్ కలిపి ముద్ద చేస్తారు. మన గూడూరు వైపు అభ్రకం గనుల సీమలో ఆ రాళ్ళు రెండూ దొరుకుతాయి. వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి, మట్టి రేణువుల సందులన్నీ పూడ్చేస్తుంది. ఆ కరిగేది కాస్త పెంచితే, లేదా నెఫెలిన్ సైనైట్ లాంటి త్వరగా కరిగే రాయి వేస్తే, అదే పని 1220కే పూర్తవుతుంది. కొలిమిలో పెట్టి వేడిని కొలిచే కోన్‌లను ఆర్టన్ అనే ఆయన 1896లో అమెరికాలో చేయడం మొదలుపెట్టాడు. వాటిలో ఆరో నంబరుది ఇంచుమించు ఆ వేడికే వంగుతుంది. కోన్ వంగితే కొలిమి ఎంత పని చేసిందో తెలుస్తుంది. లోపలి సందులు పూడాయో లేదో తెలియదు.

అది తెలియాలంటే ముక్క పగలగొట్టాలి. ఇన్సులేటర్లకు ఐఎస్ 731 ప్రమాణం చెప్పే పరీక్ష అదే. పగిలిన ముక్కలను ఫుక్సిన్ రంగు కలిపిన ఆల్కహాలులో వేసి, బలమైన ఒత్తిడిలో గంటల తరబడి ఉంచుతారు. తీసి మళ్ళీ పగలగొడతారు. లోపల గులాబి చార కనిపించిందా, ఆ మట్టి పనికిరాదు. తెల్లగా ఉంటే సరే. ఎన్ని డిగ్రీల్లో కాల్చారని మేం అడిగేవాళ్ళం కాదు. పింగాణిలోంచి వెలుగు అవతలికి కనబడాలంటారు, అది కూడా అడగలేదు. గోధుమరంగు గ్లేజు వేసిన అంత మందపు దిమ్మెలోంచి ఏ వెలుగు కనిపిస్తుంది? అయినా లైన్‌మన్ దగ్గర్నుంచి ఇంజనీరు దాకా అందరికీ అది పింగాణే.

ఇళ్ళలో మనం ఇంకా ఉదారంగా ఉన్నాం. ఆవకాయ జాడీ నిజానికి స్టోన్‌వేర్, దాన్నీ పింగాణి జాడీ అనే అన్నాం. ఊరగాయకు అది చాలు. అమ్మకానికి మాత్రం పేరు కచ్చితంగా ఉండాలి. కస్టమ్స్ లెక్కల్లో పింగాణి భోజనపాత్రలు 6911 కింద, తక్కిన మట్టివి 6912 కింద వస్తాయి.

కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. గ్లేజు లేని ముక్కను కాల్చి తూకం వేయండి, నీళ్ళలో ఉడకబెట్టి పైతడి తుడిచి మళ్ళీ తూకం వేయండి. బరువు నూటికి అరపాలు మించి పెరగకపోతే ధైర్యంగా పింగాణి అని రాయండి, పక్కనే 1220 అని వేయండి. అంతకంటే ఎక్కువ నీళ్ళు తాగితే తెల్ల స్టోన్‌వేర్ అనండి. గిన్నె అంచు పల్చగా తీసి వెలుగు కనబడేలా చేయగలిగితే ఆ మాటా చేర్చండి, కొనేవాడికి అది చూపించి అమ్మండి.