పాలపొంగు, నివురుగప్పిన నిప్పు: కోపం, హింసలపై కంచరపాలెం నుంచి ఒక అభ్యంతరం

స్వభావానికీ నేరానికీ ఉన్న సంబంధం మీద మన దగ్గర జరిగే పరిశోధన చాలాకాలంగా ఒకే దారిలో నడుస్తోంది. మనస్తత్వవేత్త ఐసెంక్ వ్యక్తిత్వ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చుకోవడం, జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత నింపించడం, వాళ్ల మార్కులను బయటివాళ్ల మార్కులతో పోల్చి తేడా ఉందని తేల్చడం. ఆ మనిషికి వచ్చే కోపం ఏ రకందన్న ప్రశ్న మాత్రం ఆ కాగితాల్లో ఉండదు. నాకది గ్రంథాల్లో తట్టలేదు. విశాఖలోని కంచరపాలెం మెట్టు దగ్గర ఒక అరుగు మీద తట్టింది.

ఆ సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు బండి పెట్టే చోటు కోసం తగువు పడ్డారు. వెల్డింగ్ పని చేసే కుర్రాడు చేతిలోని హెల్మెట్‌తో రెండోవాడి నుదుటి మీద కొట్టాడు. పది నిమిషాలు గడిచాయో లేదో, కొట్టినవాడే దెబ్బ తిన్నవాణ్ణి తన బండెక్కించుకుని కుట్లు వేయించడానికి తీసుకెళ్లాడు. అరుగు మీద చేపలు శుభ్రం చేస్తున్న పెద్దావిడ కత్తిపీట మీద నుంచి తల కూడా ఎత్తలేదు. “ఆడిది పాలపొంగు బాబూ. పొంగింది, పోయింది. ఆ రెండో ఓడున్నాడే, దెబ్బ తిని కూడా ఏటీ అన్నేదు సూడు, ఆడికి బయపడాల” అంది. “మరి పోలీసులొస్తే ఎవర్ని తీసుకెళ్తారమ్మా?” అని అడిగాను. “కొట్టినోణ్ణే గదా!”

ఆమె చెప్పినదంతా తెలుగు పదకోశంలో ముందే ఉంది. దుడుకు, ఆవేశం, ముక్కుమీద కోపం ఒక వరుస. కసి, కక్ష, పగ మరో వరుస. దుడుకువాడికి ఎదుటివాడి చూపే చాలు, “ఏం చూస్తున్నావ్?” అన్న మాటతో గొడవ మొదలవుతుంది. కసి ఉన్నవాడు చూపు తిప్పుకుంటాడు, లెక్క రాసుకుంటాడు. మొదటి కోపం గడియల్లో చల్లారుతుంది, రెండోది ఏళ్ల తరబడి నివురు కింద కాగుతూ ఉంటుంది. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచే తెలుగువాడు నాకింతవరకు తారసపడలేదు.

ఐసెంక్ మాత్రం రెంటినీ ఒకే గంపలో వేశాడు. 1964లో వెలువడిన ‘క్రైమ్ అండ్ పర్సనాలిటీ’లో ఆయన వాదం సూటిగానే ఉంది. అంతరాత్మ అనేది చిన్నప్పుడు శిక్షతో పడే అలవాటు. బహిర్ముఖులకు ఆ అలవాటు త్వరగా పట్టదు, కాబట్టి నేరం వైపు మొగ్గుతారు. తర్వాతి పరిశోధనల్లో బహిర్ముఖత్వానికి నిలకడైన ఆధారం దొరకలేదు. మిగిలింది 1975 ప్రశ్నావళిలో చేరిన సైకోటిసిజం కొలత. దాని ప్రశ్నలే కట్టుబాట్లను లెక్కచేయకపోవడం గురించీ, ఎదుటివారి బాధ పట్టకపోవడం గురించీ అయినప్పుడు, నేరస్థులకు మార్కులు ఎక్కువ రావడంలో వింతేముంది? వేసిన ప్రశ్నే జవాబుగా తిరిగొచ్చింది. వ్యక్తిత్వానికీ క్యాన్సర్, గుండెజబ్బులకూ ముడిపెడుతూ ఆయన సహరచయితగా రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని లండన్ కింగ్స్ కాలేజీ విచారణ 2019లో తేల్చింది. నేరం మీద ఆయన రాసినదాన్ని మాత్రం మనం ఇంకా వేదవాక్కుగానే పట్టుకు వేలాడుతున్నాం.

పెద్దావిడ మాటకు దగ్గరగా వచ్చినవారు మనస్తత్వవేత్తలు డాడ్జ్, కోయ్. రెచ్చగొడితే ఎగబడే దూకుడు వేరు, ఏదో సాధించుకోవడానికి వాడే దూకుడు వేరని 1987లో వాళ్లు పిల్లల్లో చూపించారు. మొదటి రకం పిల్లలు అస్పష్టమైన సంఘటనలో కూడా ఎదుటివాడు కావాలనే చేశాడనుకుంటారు. “ఏం చూస్తున్నావ్?” అన్న మాటకు శాస్త్రరూపం ఇదే. ఒకే మనిషిలో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి విభజన నిలవదని బుష్‌మన్, ఆండర్సన్ 2001లో వాదించారు గానీ, కలిసి ఉన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

న్యాయస్థానానికి కూడా ఈ తేడా తెలుసు. తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే దాన్ని హత్యగా లెక్కించరు. ఈ మినహాయింపు ఐపీసీ 300లో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 101లో ఉంది. హత్యానేరం మీద నడిచిన నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు చూసింది కూడా కోపం చల్లారేంత వ్యవధి దొరికిందా లేదా అన్నదే. చట్టం కొలిచింది కోపం వయసును.

పోలీసులు తెరిచే రౌడీషీటు మాత్రం ఆ పని చేయదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలోని 601 ప్రకారం అలవాటుగా శాంతిభంగానికి పాల్పడేవారి మీద షీటు తెరుస్తారు. అలవాటును చెప్పేది కేసుల సంఖ్య. దుడుకువాడు నలుగురి ముందూ కొడతాడు కాబట్టి అతని కేసులు త్వరగా పోగుపడతాయి. కసి ఉన్నవాడి మీద ఉంటే ఒక్క కేసు, అదీ ఆఖరిది. షీటు కొనసాగించాలంటే ఏటా డిసెంబరు తర్వాత పైఅధికారి ఉత్తర్వు కావాలన్న నియమం ఉంది, కానీ ఆ సమీక్షలోనూ కోపం ఏ రకమని అడిగే గడి లేదు. చట్టం దన్ను లేకుండా ఈ ఆర్డర్ల మీదే ఆధారపడి షీటు తెరవడం చెల్లదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. నా అభ్యంతరం అంతకంటే ముందుది: ఆ షీటు తప్పు మనిషిని పట్టుకుంటోంది. కంచరపాలెంలో నిజమైనది గాజువాకలోనూ నిజమే, ఏ కార్మికవాడలోనైనా నిజమే కావచ్చు. పాలపొంగును పది నిమిషాలు ఆపగలిగితే నగరాల్లో వీధి హింస చాలావరకు ఆగుతుందని నా నమ్మకం.

అందుకే పరిశోధక మిత్రులకు నాదొక విన్నపం. ఈసారి అడవివరం జైలుకు వెళ్లేటప్పుడు ప్రశ్నావళిలో ఒక ప్రశ్న చేర్చండి: “నీ కోపం ఎంతసేపు ఉంటుంది?” ఖైదీనే కాదు, అతని తల్లినీ, పక్కింటివాళ్లనూ అడగండి. ఆ జవాబు లేకుండా ఎవరి మీదా నేరస్వభావం అన్న ముద్ర వేయకండి.