మోకాళ్లలో టక్ టక్ శబ్దం: ఎప్పుడు పట్టించుకోవాలి?

సజ్దా నుంచి లేచేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లలో టక్‌మని శబ్దం రావడం చాలామందికి తెలిసిన విషయమే. అది వినగానే ‘గుజ్జు అరిగిపోయింది’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఆ భయంతో కొందరు నడక మానేస్తారు, ఇంకొందరు నొప్పి లేకపోయినా కుర్చీలో నమాజ్‌కు మారిపోతారు. నిజానికి నొప్పి, వాపు లేకుండా శబ్దం ఒక్కటే వస్తుంటే సాధారణంగా అది జబ్బు కాదు.

శబ్దం ఎందుకు వస్తుంది?

కీలు లోపల జిగటగా ఉండే సైనోవియల్ ద్రవం ఉంటుంది. అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలు సాగినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దం కూడా ఇలాంటిదే. 2015లో కెనడా పరిశోధకులు మెటికలు విరుస్తుండగా ఎంఆర్ఐ తీసి, శబ్దం వచ్చే సమయంలోనే కీలులో ఖాళీ ఏర్పడటాన్ని చూశారు. ఒకసారి శబ్దం వచ్చాక అదే కీలులో వెంటనే మళ్లీ రాదు.

మడిచిన ప్రతిసారీ టక్‌మంటే కారణం వేరు. కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్ ఎముక మీదుగా జారి మళ్లీ తన చోటికి వస్తుంది. ఇసుక నలిగినట్టు కరకరలాడితే మోకాలి చిప్ప వెనక ఉన్న మృదులాస్థి కాస్త గరుకుగా మారి ఉండొచ్చు. వయసు పెరిగేకొద్దీ ఇది మామూలే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

శబ్దంతో పాటు నొప్పి, వాపు ఉన్నా, మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, నడుస్తుంటే కాలు జారిపోయినట్టు అనిపించినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి. కింద పడ్డప్పుడు టప్‌మని వినిపించి మోకాలు వాచితే లిగమెంట్ లేదా మెనిస్కస్ చిరిగి ఉండొచ్చు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే అదే రోజు వెళ్లాలి.

ఏం చేయాలి?

నడక ఆపకూడదు. తొడ కండరాలు బలంగా ఉంటే మోకాలిపై భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, 5 సెకన్లు ఉంచి నెమ్మదిగా దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు చేస్తే చాలు. బరువు ఎక్కువున్నవాళ్లు ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. శబ్దం పోవాలని నూనెలకు, పౌడర్లకు వేలు ఖర్చు పెట్టాల్సిన పని లేదు.