పంట కాలువ, మురుగు కాలువ: కృష్ణా డెల్టా చరిత్రలో మనం మరిచిన సగం

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం ఊరూరా కనిపిస్తుంది. మే 15న ఆయన పుట్టినరోజుకి దండలు వేస్తారు. నీళ్లు తెచ్చినవాడిని తలుచుకోవడం సహజమే. కానీ డెల్టాలో నీళ్లు తేవడం సగం పని మాత్రమే. వాడుకోగా మిగిలిన నీళ్లని, వానకి పోగైన నీళ్లని సముద్రానికి చేర్చడం మిగతా సగం. ఈ రెండో సగానికి విగ్రహాల్లేవు. పాఠ్యపుస్తకంలో ఒక పేరా కూడా లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు అందరూ అడిగిన ప్రశ్న “ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?” అని. “ఈ నీళ్లు ఎక్కడికి పోవాలి?” అని అడిగితే చరిత్రలోకి ఇంకొంచెం వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

ముందు నేల సంగతి. మామూలు చోట్ల నది లోయలో పారుతుంది. చుట్టూ కురిసిన వాన వాగులై వచ్చి నదిలో కలుస్తుంది. డెల్టాలో ఇది తలకిందులు. వరదకి గట్టు దాటిన నీళ్లు బరువైన ఇసుకని, ఒండ్రుని ముందు ఒడ్డునే దించేస్తాయి. కొన్ని వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది ఒడ్డులు ఎత్తవుతాయి, నదికి దూరంగా పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. అంటే డెల్టాలో నది లోయలో కాదు, ఒక మిట్ట మీద పారుతుంటుంది. దీనివల్ల ఒక లాభం, ఒక చిక్కు. డెల్టా మొదట్లో నదికి అడ్డం కట్టి, మిట్టల వెంబడి కాలువలు తవ్వితే మోటలూ యంత్రాలూ అక్కర్లేకుండా నీళ్లు పొలాల్లోకి వాటంతటవే దిగుతాయి. ఇది లాభం. పల్లంలో పోగైన నీళ్లు మళ్లీ నదిలోకి ఎక్కలేవు, వేరే దారి వెతుక్కోవాలి. ఇది చిక్కు.

కాటన్ తరం ఇంజనీర్లు లాభాన్ని చక్కగా పట్టుకున్నారు. దాని వెనక ఒక ఘోరం ఉంది. 1832-33 నందన నామ సంవత్సరపు కరువులో, జనం డొక్కల కరువు అని పిలుచుకున్న ఆ కరువులో, అయిదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కృష్ణ పక్కనే పారుతుండగా జనం ఆకలితో పోయారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో ఇంకో ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ డెల్టాలోకి పాకాయి. పొలాలకి నీళ్లతోపాటు పడవలూ నడిచాయి. “లాకులు” అన్న మాట అలాగే మన భాషలో కలిసిపోయింది. 1952 వరదలో ఆ ఆనకట్టకి గండి పడితే, ఆ చోటనే ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో ప్రారంభించారు. ఇప్పుడు దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఇదంతా మనకి తెలిసిన చరిత్రే. తెలియనిది చిక్కు వైపు కథ. డెల్టా పొలానికి ఎగువ పక్కన పంట కాలువ ఉంటే దిగువ పక్కన మురుగు కాలువ ఉండాలి. చేతుల మీద రక్తనాళాల్లా ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకెళ్లేది. కానీ సర్కారు లెక్కల్లో ఈ రెండూ ఎప్పుడూ సమానం కాలేదు. పంట కాలువ తవ్వితే నీటి తీరువా వస్తుంది, పెట్టిన డబ్బుకి రాబడి కాగితం మీద చూపించొచ్చు. మురుగు కాలువ తవ్వితే వచ్చేదేమీ లేదు, పోకుండా ఆగేదే ఉంది. మునగని పొలానికి లెక్క రాసే పద్దు ఏ ఖాతా పుస్తకంలోనూ ఉండదు. సార్వా పంట కోతకొచ్చే వేళకి సరిగ్గా తుపానులు వచ్చే ఈ తీరంలో, ఆ లేని పద్దు రైతుకి ఎన్నిసార్లు నష్టం తెచ్చిందో!

స్వాతంత్ర్యం తర్వాత ఈ సగం కొంతకాలం వెలుగులోకి వచ్చింది. అరవైల్లో డెల్టాల్లో ముంపు ఎక్కువవడంతో ఎ.సి. మిత్రా నాయకత్వంలో నిపుణుల కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదలనీ, కొల్లేటి సమస్యనీ పరిశీలించింది. 1968లో డెల్టా రైతుల దగ్గర ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు వసూలు చేయడానికి చట్టం వచ్చింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. నీళ్లు పోవడానికి కూడా ఖర్చవుతుందనీ, దాన్ని ఎవరో ఒకరు భరించాలనీ చట్టం ఒప్పుకున్న సందర్భం అది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. డెల్టా రైతు నోట “మురుగు” అంటే మురికి కాదు. చేలోంచి పోవాల్సిన అదనపు నీరు. “మురుగు లాగట్లేదు” అని రైతు అంటే నీళ్లు నిలిచిపోయాయని అర్థం. అదే మాట పట్నం చేరేసరికి కంపు కొట్టే సాయిల కాలువ అయిపోయింది. మాట అర్థం మారడంతో కాలువ హోదా కూడా మారింది. వాన నీళ్ల దారిగా చూసినంత కాలం దానికి వెడల్పు కావాలి, గట్లు కావాలి. మురికి కాలువగా చూస్తే దాన్ని ఎంత ఇరుకు చేస్తే అంత మంచిది, పైన పలకలు వేసి కప్పేస్తే మరీ మంచిది.

బుడమేరుకి జరిగింది ఇదే. మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ ఏరు కృష్ణకి అంత దగ్గరగా వచ్చి కూడా అందులో కలవదు. పైన చెప్పిన కారణమే: కృష్ణ మిట్ట మీద ఉంది. బుడమేరు విజయవాడ ఉత్తరపు పల్లాన్ని పట్టుకుని తూర్పుకి పోయి, రెండు డెల్టాల నడుమ ఉన్న కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు ఒక్కదాని గుండానే సముద్రానికి చేరాలి. ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింద సొరంగంలోంచి దాటుతుంది. పంట నీళ్లు పైన, మురుగు నీళ్లు కింద: డెల్టా పద్ధతి మొత్తం ఆ ఒక్కచోట కళ్లకి కడుతుంది.

1901లో బెజవాడ జనాభా సుమారు 24 వేలు. రైలు వంతెన 1893లో వచ్చింది, ఊరు జంక్షన్ అయింది, 2011 జనగణన నాటికి పది లక్షలు దాటింది. మిట్ట నేలలు, కాలవగట్లు నిండాక మిగిలింది ఉత్తరపు పల్లమే. చవకగా దొరికింది కాబట్టి పేదలు అక్కడికే వెళ్లారు. బుడమేరు వరదని తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువ తవ్వి, నీళ్లని బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. దాంతో పాత ఏరు ఇక అక్కర్లేదన్న ధీమా పుట్టింది. పైగా 2015లో పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కృష్ణకి చేరే దారి కూడా ఈ మళ్లింపు కాలువే అయింది. తెచ్చే కాలువ, తీసుకెళ్లే కాలువ వేరుగా ఉండాలన్న పాత సూత్రం అక్కడ చెరిగిపోయింది.

ఈ ఏర్పాటులో ఒక లోపం మొదటినుంచీ ఉంది. మళ్లింపు కాలువ చివర నది ఉంది. బుడమేరుకి పెద్ద వరద వచ్చిన రోజునే కృష్ణ కూడా నిండితే ఆ కాలువ ఎక్కడికి పారాలి? 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో అదే జరిగింది. బుడమేరులోకి మళ్లింపు కాలువ సామర్థ్యానికి రెట్టింపుకు మించి నీళ్లొచ్చాయి. ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది, 2009 నాటి 11.10 లక్షల రికార్డుని దాటేసి. ఏరు తన పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. ఆ దారిలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఉన్నాయి.

తర్వాత వినబడ్డ మాట “ఆక్రమణలు తొలగించాలి” అని. ఏటి దారి ఏటికి ఇవ్వాలనడంలో తప్పు లేదు. కానీ వాంబే అన్నది ఒక ప్రభుత్వ గృహ పథకం పేరు. పల్లంలో ఇళ్లు కట్టించి, రోడ్లు వేసి, కరెంటు ఇచ్చి, పన్ను కట్టించుకున్నాక అక్కడి మనిషిని ఆక్రమణదారు అనడం న్యాయం కాదు. అంత నీరు పారే దారిని పటంలో ఖాళీ స్థలంగా చూసింది అతనొక్కడే కాదు. ఖాళీ చేయించాల్సి వస్తే, మిట్ట మీద, పనికి దగ్గరలో ఇల్లు ఇచ్చాకే చేయించాలి. ఆ ఖర్చుని కూడా డ్రైనేజీ ఖర్చులో భాగంగానే లెక్కెయ్యాలి.

ఇంకోటి, బుడమేరుని వెడల్పు చేసి ఊరుకుంటే సరిపోదు. విజయవాడ నీళ్లు వేగంగా పోతే అంతే వేగంగా కొల్లేటి లంక గ్రామాల మీద పడతాయి. కొల్లేరు రెండు డెల్టాల మధ్య వరదని కొంతకాలం పట్టి ఉంచి మెల్లగా వదిలే గిన్నె. దాన్ని 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రాంసర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. తర్వాత చెరువులు మళ్లీ లేచాయి. గిన్నె చిన్నదైతే దాన్ని నింపే ఏరుని ఎంత బాగుచేసినా లాభం లేదు. కొండ నుంచి ఉప్పుటేరు మొగ దాకా ఒకే దారిగా చూసి, ఒకే సంస్థకి బాధ్యత అప్పజెప్పి, ఏటా తూడు, గుర్రపుడెక్క తీయడానికి విడిగా డబ్బు కేటాయిస్తే తప్ప ఈ సమస్య కదలదు. 1968 చట్టం రైతుని అడిగింది ఇదే. పల్లంలో కాంక్రీటు పోసి లాభపడ్డ నగరాన్ని అదే మాట ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా అడగలేదు.

కాటన్ విగ్రహాలు ఉండనీండి, ఆయన సంపాదించుకున్నవే అవి. కానీ ఆ కాలువల పక్కనే పారే మురుగు కాలువకి పేరేమిటో, అది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో డెల్టా బడుల్లో పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాలి. పేరు తెలిసిన ఏరుని పూడ్చడం కొంచెమైనా కష్టమవుతుంది.