పొడి అక్షరాల గ్రంథకర్తలు

1751లో లండన్‌లో ఒక పాత పుస్తకాన్ని తిరిగి అచ్చువేశారు. ధరలు ఎందుకు మండిపోతున్నాయి, సాగుభూములకు కంచెలు కట్టి గొర్రెలు మేపితే పల్లెలు ఏమవుతాయి, నాణెంలో వెండి తగ్గిస్తే బజారు ఎలా తలకిందులవుతుంది అని ఒక భూస్వామి, ఒక రైతు, ఒక వర్తకుడు, ఒక టోపీలు కుట్టేవాడు, ఒక పండితుడు కూర్చుని వాదించుకునే గ్రంథం అది. 1581లో మొదటిసారి వెలువడినప్పుడు ముఖపత్రం మీద ‘డబ్ల్యూ.ఎస్., జెంటిల్‌మన్’ అని మాత్రమే ఉంది. 170 ఏళ్ళ తరవాత అచ్చువేసినవాళ్ళు ఆ రెండక్షరాలనూ సాగదీసి విలియం షేక్‌స్పియర్ అని పెట్టేశారు. 1581 నాటికి షేక్‌స్పియర్‌కు 17 ఏళ్ళు. పోనీ, బాలమేధావి అనుకుందామన్నా కుదరదు. ఆ సంభాషణ రాసింది 1549లో. అప్పటికి ఆయన పుట్టనే లేదు.

అసలు కర్త ఎవరన్న విషయంలో విలియం స్టాఫర్డ్ అని ఒకరు, జాన్ హేల్స్ అని మరొకరు చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గేది సర్ థామస్ స్మిత్ వైపు. ఆయన 1577లోనే పోయాడు. ‘డబ్ల్యూ.ఎస్.’ అంటే రాతప్రతిని అచ్చుకిచ్చిన మేనల్లుడో, అన్నకొడుకో అయిన విలియం స్మిత్ కావచ్చునని ఊహ. అంటే ముఖపత్రం మీది అక్షరాలు రాసినవాడివే కానక్కర్లేదు, తెచ్చి ఇచ్చినవాడివైనా కావచ్చు. పదహారో శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ చిక్కు అడుగడుగునా తగులుతుంది.

1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టినప్పుడు ఈ గొడవ లేదు. ఆయన వేసినవి చాలావరకు చాసర్ లాంటి గతించిన కవులవి, లేదా ఫ్రెంచి నుంచి, లాటిన్ నుంచి దిగుమతి అయినవి. ముందుమాటల్లో గొంతు విప్పి మాట్లాడేది అచ్చువేసేవాడే. మన ప్రబంధకవి ఆశ్వాసాంత గద్యలో తండ్రి పేరుతో, బిరుదులతో సహా తనెవరో చాటుకునేవాడు. ఇంగ్లండులో బతికున్న కవి అచ్చుపుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకో బిగుసుకుపోయాడు.

కారణాలు లేకపోలేదు. మొదటిది హోదా. పెద్దింటి బిడ్డ పద్యం రాస్తే మిత్రులకు చూపించాలి. లండన్ న్యాయవిద్యాలయాల్లో, కేంబ్రిడ్జిలో, ఆక్స్‌ఫర్డులో రాతప్రతి చేతులు మారాలి. కాసులిచ్చి కొన్న ప్రతివాడూ చదివేలా అచ్చువేయించుకోవడం నామోషీ. సర్ ఫిలిప్ సిడ్నీ 1586లో చనిపోయేదాకా ఆయన కవిత్వం దాదాపు అచ్చు మొహం చూడలేదు. రెండోది భయం. 1546లో ఎనిమిదో హెన్రీ, ప్రతి ఇంగ్లీషు పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, కర్త పేరు, తేదీ ఉండాలని శాసించాడు. మతవివాదాల కరపత్రాలను అదుపులో పెట్టడానికి చేసిన పని అది. అమలు అంతంతమాత్రం. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ నా లెక్కలో అదే ముఖ్యం. 1557లో పుస్తకాల వర్తకుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీకి రాజపత్రం వచ్చాక, దాని రిజిస్టరులో పుస్తకం ఎవరి పేర ఎక్కితే వాడిదే హక్కు. ఎక్కేది పుస్తకాల వర్తకుడి పేరు. కర్త పేరు ఉన్నా లేకున్నా వ్యాపారానికి లోటు లేదు. పేరు మొత్తం ఇవ్వడానికి సిగ్గు, అసలివ్వకపోవడానికి మనసొప్పదు. మధ్యేమార్గంగా రెండు అక్షరాలు.

ఈ మధ్యేమార్గాన్ని ఆటగా మార్చినవాడు జార్జ్ గాస్కాయిన్. 1573లో ‘ఎ హండ్రెత్ సండ్రీ ఫ్లవర్స్’ అనే సంపుటం వచ్చింది, పలువురు పెద్దమనుషుల రచనల పూలగుత్తి అన్న వేషంలో. అందులో ‘మాస్టర్ ఎఫ్.జె. సాహసాలు’ అనే కథ ఉంది. ఎఫ్.జె. అనే యువకుడు ఉత్తరదేశంలో ఒక గృహస్థు ఇంట అతిథిగా దిగి, ఆ ఇంటి కోడలితో ప్రణయం సాగిస్తాడు. అది అచ్చుకు ఎలా వచ్చిందో చెప్పే ఉత్తరాలు చూడాలి. ఎఫ్.జె. పద్యాలు జి.టి. అనే మిత్రుడి దగ్గర ఉన్నాయట. ఆయన చదివి ఇమ్మని హెచ్.డబ్ల్యూ.కు ఇచ్చాడట, ఎవరికీ చూపొద్దన్న షరతు మీద. హెచ్.డబ్ల్యూ. మనసు ఆగక ఎ.బి.కి అందించాడట, అచ్చువేయమని. ఇంతమంది చేతులు మారాక తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. ఇంత పకడ్బందీగా నెపాన్ని పంచిపెట్టిన గుంపులో ఒక్కడంటే ఒక్కడు నిజంగా ఉన్నాడని నేననుకోను. అంతా గాస్కాయినే.

లండన్‌లో గుసగుసలు బయల్దేరాయి, ఇది ఫలానా వారింటి కథేనని. 1575లో గాస్కాయిన్ సొంత పేరుతో ‘పోజీస్’ అని సవరించిన కూర్పు తెచ్చాడు. కథ ఇంగ్లండులో జరిగిందే కాదు, ఇటాలియన్ నుంచి అనువాదమన్నాడు. నాయకుడి పేరు మార్చాడు. కొత్త పేరు ఫెర్డినాండో జెరోనిమీ. ఎఫ్.జె. ఎఫ్.జె.గానే ఉన్నాడు!

ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకిది ఆట కాదు. 1560లో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ ఉపన్యాసాల అనువాదం ఒకటి వచ్చింది. అంకితం కింద సంతకం ‘ఎ.ఎల్.’ అవి ఆన్ లాక్ పేరులోవి. ఆమె మరో సంస్కర్త జాన్ నాక్స్‌కు స్నేహితురాలు, కాథలిక్ మేరీ రాణి ఏలుబడిలో జెనీవాకు వెళ్ళి తలదాచుకున్న మనిషి. పుస్తకం చివర బైబిలు 51వ కీర్తన మీద సానెట్లు ఉన్నాయి. ఇవి ఒక మిత్రుడు నాకిచ్చినవి అని ఒక చిన్న మాట కూడా ఉంది. ఇంగ్లీషులో తొలి సానెట్ మాలిక ఇదేనని ఇవాళ సాహిత్య చరిత్రకారులు చెప్పే రచన అక్కడ, ఒక ప్రార్థనా గ్రంథం తోకన, పరాయి సొత్తు అన్న ముసుగులో ఉండిపోయింది. కొన్నేళ్ళకు, 1567 ప్రాంతంలో, మాట తప్పిన ప్రియుడికి ఒక యువతి రాసిన పద్యలేఖ వెలువడింది. సంతకం ‘ఇజ్. డబ్ల్యూ.’ ఇజబెల్లా విట్నీ. ఒక అక్షరం ఎక్కువ పెట్టిందంటే గుర్తుపట్టాలనే కోరిక ఉందన్నమాట. 1613లో ‘ట్రాజెడీ ఆఫ్ మరియమ్’ మీద ‘ఇ.సి.’ అనే గొప్పింటి ఇల్లాలు అని విశేషణాలన్నీ దండిగా ఉన్నాయి గానీ, ఎలిజబెత్ కేరీ అన్న పేరు లేదు. ఇంగ్లీషు స్త్రీ స్వయంగా కల్పించి రాసి అచ్చయిన మొదటి నాటకం అది.

భయం ఎంత నిజమైనదో 1579 చెబుతుంది. ఎలిజబెత్ రాణి ఫ్రెంచి రాకుమారుణ్ణి పెళ్ళాడరాదంటూ జాన్ స్టబ్స్ పేరు లేకుండా ఒక పుస్తకం వేశాడు. పట్టుబడ్డాడు. నవంబరు 3న వెస్ట్‌మిన్‌స్టర్‌లో, జనం చూస్తుండగా, ఆయనదీ, ఆ పుస్తకాలు పంచిన విలియం పేజ్‌దీ కుడిచేతులు నరికేశారు. ముద్రాపకుడు హ్యూ సింగిల్టన్‌ను క్షమించి వదిలారు. స్టబ్స్ ఆ తరవాత తన సంతకం పక్కన ఎడమచేతివాడు అన్న అర్థంలో ఒక లాటిన్ మాట చేర్చుకునేవాడు. నెల తిరిగేసరికి అదే సింగిల్టన్ ఇంకో పుస్తకాన్ని రిజిస్టరు చేయించాడు. అది ‘షెపర్డ్స్ క్యాలెండర్’. కవి ‘ఇమ్మెరిటో’, అనగా అనర్హుడు. కవి కన్నా ఎక్కువ మాట్లాడుతూ పీఠిక రాసి, కఠినపదాలకు టీక చెప్పినవాడు ‘ఇ.కె.’ కవి ఎడ్మండ్ స్పెన్సర్ అని తొందరలోనే తేలింది. ఇ.కె. మాత్రం కేంబ్రిడ్జి మిత్రుడు ఎడ్వర్డ్ కర్క్ అని కొందరు, స్పెన్సరే తన కవిత్వానికి తానే వ్యాఖ్యాత అయ్యాడని కొందరు అంటారు. ఆ టీకలో కొన్నిచోట్ల కవి ఉద్దేశం తనకు తెలియదని నటించే ధోరణి చూస్తే నాకు రెండో మాటే నమ్మబుద్ధేస్తుంది.

మతం కూడా ఈ అక్షరాల చాటున సరిహద్దులు దాటింది. రాబర్ట్ పర్సన్స్ జెజూయిట్ శాఖకు చెందిన కాథలిక్ గురువు. ఎడ్మండ్ కాంపియన్‌తో కలిసి 1580లో రహస్యంగా ఇంగ్లండులో దిగి, మరుసటి ఏడు తప్పించుకుపోయాడు; కాంపియన్‌ను ఉరితీశారు. 1582లో పర్సన్స్ భక్తిగ్రంథం ఒకటి రూవాన్‌లో అచ్చయింది. రెండేళ్ళలో ఎడ్మండ్ బన్నీ అనే ప్రొటెస్టెంటు బోధకుడు అందులోని కాథలిక్ వాసన కడిగి, మిగతాది అలాగే ఉంచి, యార్క్ ఆర్చిబిషప్పుకు అంకితమిచ్చి వేసేశాడు. ముఖపత్రం మీద కర్త ‘ఆర్.పి.’ పట్టుకుంటే ప్రాణం తీసే మనిషి పుస్తకం ఆ రెండక్షరాలతో ప్రొటెస్టెంటు ఇళ్ళలో విరగబడి అమ్ముడుపోయింది. పర్సన్స్ 1585 కూర్పులో బన్నీని చెడామడా దులిపాడు.

పొడి అక్షరాలు పేరును దాచేస్తాయనుకుంటే పొరపాటు. తెలిసినవాళ్ళకు పేరు, తెలియనివాళ్ళకు రెండు చుక్కలు, అంతే. 1600లో వచ్చిన ‘ఇంగ్లండ్స్ హెలికాన్’ సంకలనంలో కొన్ని పద్యాల కింద ‘ఎస్.డబ్ల్యూ.ఆర్.’ అని అచ్చయింది. సర్ వాల్టర్ రాలీ అని ఆనాటి లండన్‌లో చదువుకున్నవాడు ఎవడైనా ఇట్టే చెప్పగలడు. అందుకే కాబోలు, ఆ మూడక్షరాల మీద వేరే అచ్చువేసిన సన్నని కాగితప్పట్టీ అతికించారు. పట్టీ మీద ఉన్న మాట ‘ఇగ్నోటో’, అంటే అజ్ఞాతకవి. దాచాలని నిజంగా అనుకున్నప్పుడు పొడి అక్షరాలను కూడా కప్పాల్సి వచ్చిందన్నమాట. 1599 జూన్‌లో బిషప్పుల ఆజ్ఞతో స్టేషనర్స్ హాలులో కాల్చిన పుస్తకాల్లో ‘ఐ.డి., సి.ఎం.’ పద్యాలున్నాయి. కాల్చమన్న జాబితాలో మాత్రం డేవీస్, మార్లో అన్న పేర్లు తడుముకోకుండా రాశారు.

తంటా ఎప్పుడొచ్చిందంటే, ఆ తెలిసినవాళ్ళు పోయాక. లండన్ కంపోజిటరు కేసులో అప్పట్లో పెద్ద ‘జె’ అచ్చక్షరం విడిగా లేదు. ‘ఐ’తోనే రెంటికీ సరి. కాబట్టి ‘ఐ.డి.’ అంటే జాన్ డేవీస్ కావచ్చు, జాన్ డే కావచ్చు, జాన్ డన్ కావచ్చు. 1633లో డన్ కవితలు మొదటిసారి గుదిగుచ్చినప్పుడు, అంటే సెయింట్ పాల్ చర్చి డీనుగా పేరుమోసి ఆయన పోయిన రెండేళ్ళకు, ముఖపత్రం మీద ఉన్నది ఆ రెండక్షరాలే. 1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల సంపుటమైన తొలి ఫోలియోలో బెన్ జాన్సన్ లాంటివాళ్ళు పూర్తి పేర్లతో శ్లాఘిస్తే, ఒక ‘ఐ.ఎం.’ ఎనిమిది పంక్తులు రాసి ఊరుకున్నాడు. జేమ్స్ మాబ్ అని ఇప్పుడెక్కువమంది అంటారు. 1593 నాటి ‘ఫీనిక్స్ నెస్ట్’ సంకలనాన్ని కూర్చిన ఇన్నర్ టెంపుల్ న్యాయవిద్యాలయ వాసి ‘ఆర్.ఎస్.’ ఎవరో తేలనేలేదు. 1595లో అదే ‘ఆర్.ఎస్.’తో వచ్చిన భక్తిగీతాలు ఆ ఏడాదే ఉరికంబమెక్కిన రాబర్ట్ సౌత్‌వెల్‌వి. 1602లో ఫ్రాన్సిస్ డేవిసన్ తెచ్చిన సంకలనంలో బోలెడు పద్యాలు రాసిన ‘ఎ.డబ్ల్యూ.’ కోసం పండితులు చాలాకాలం గాలించారు. అది మనిషి పేరే కాదు, ‘అనానిమస్ రైటర్’కు పొడి అక్షరాలని చివరికి చాలామంది ఒప్పుకున్నారు.

ఇక షేక్‌స్పియర్ గొడవ. ‘డబ్ల్యూ.ఎస్.’ అని మూడు నాటకాలు అచ్చయ్యాయి: 1595లో ‘లోక్రిన్’, 1602లో ‘థామస్ లార్డ్ క్రామ్‌వెల్’, 1607లో ‘ది ప్యూరిటన్’. మొదటిదాన్ని మోసమనలేం; షేక్‌స్పియర్ పేరు నాటకాల ముఖపత్రాలకు ఎక్కడం మొదలైంది 1598లోనే. 1607కు ఆ పేరుకు గిరాకీ వచ్చింది. అప్పుడు ‘డబ్ల్యూ.ఎస్.’ అని పెట్టినవాడు అబద్ధమాడకుండానే సరుకు అమ్ముకున్నాడు. 1664లో మూడో ఫోలియోకు కొత్తగా ఏడు నాటకాలు కలిపితే, ఈ మూడూ అందులో దూరాయి.

ఈ బలహీనత పాతకాలంతో పోలేదు. 1612లో హత్యకు గురైన విలియం పీటర్ అనే డెవన్ యువకుడిపై ‘డబ్ల్యూ.ఎస్.’ రాసిన 578 పంక్తుల స్మృతిగీతం ఒకటుంది. దాన్ని అచ్చుకు తెచ్చినవాడు షేక్‌స్పియర్ సానెట్లు వేసిన థామస్ థోర్ప్. అమెరికాలో డొనాల్డ్ ఫోస్టర్ అనే ఆచార్యుడు మాటల వాడుకను కంప్యూటరుతో లెక్కగట్టి ఇది షేక్‌స్పియర్‌దేనని వాదించాడు. 1996లో వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది. పేరున్న సంపుటాలు ఆ పద్యాన్ని చేర్చుకున్నాయి. 2002లో జిల్ మోన్సరా అనే ఫ్రెంచి పండితుడు అది జాన్ ఫోర్డ్ కవితాశైలి అని చూపించాడు. ఫోస్టర్ ఒప్పుకున్నాడు, బహిరంగంగా. ముఖపత్రం మీది అక్షరాలకూ, కవి పేరుకూ సంబంధమే లేదు.

చట్టం దారికి తెచ్చే ప్రయత్నం మానలేదు. 1637లో స్టార్ ఛాంబర్ న్యాయస్థానం, 1642లో పార్లమెంటు కర్త పేరు ఉండాలన్నాయి. అయినా అక్షరాలు ఆగలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఎడింబరో గ్రంథపాలకులు శామ్యూల్ హాల్కెట్, జాన్ లాంగ్ అజ్ఞాతకర్తల నిఘంటువు కూర్చడానికి పూనుకున్నారు. 1882 నుంచి సంపుటాలు వెలువడేనాటికి ఇద్దరూ కాలం చేశారు. లాంగ్ కూతురు కేథరీన్ పని పూర్తిచేసింది.

ఎవరి కోసం వెతికారు, ఎవరి కోసం వెతకలేదు అన్నదీ చూడాలి. ‘డబ్ల్యూ.ఎస్.’ వెనక నాలుగు శతాబ్దాలుగా జనం పరిగెత్తారు, ఆ రెండక్షరాల చివర షేక్‌స్పియర్ ఉంటాడేమోనన్న ఆశ కాబట్టి. ఇంకోవైపు, 1698–99 ప్రాంతంలో దొంగలు, బిచ్చగాళ్ళు, జేబుకత్తెరలు వాడే మాటలన్నీ పోగేసి నిఘంటువు చేశాడు ‘బి.ఇ., జెంటిల్‌మన్’. ఇంగ్లీషు వీధిభాష మీద పనిచేసినవాళ్ళంతా, 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్‌తో సహా, ఆయనకు బాకీపడ్డవాళ్ళే. 2010లో బాడ్లియన్ గ్రంథాలయం ఆ పుస్తకాన్ని మళ్ళీ వేసింది. కర్త ఇప్పటికీ బి.ఇ.