తుహినదగ్ధ వృక్షం: జీవస్థాన విచారణ

కఠోర శిశిరం గడిచిన తరువాత తోటలో ఆకులు నల్లబడి, కొమ్మలు వడలి నిలిచిన చెట్టు మృతమా, మూర్ఛితమా? ఈ ప్రశ్న తోటమాలిదే కాదు, తత్త్వవిచారణ చేసినవారిది కూడా. భారతీయ వాఙ్మయంలో ఈ రెండు మార్గాలూ ఒకదానినొకటి సమీపించిన స్థలాలు అరుదు. వృక్షచికిత్స వాటిలో ఒకటి.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయాన్ని వృక్షాయుర్వేదానికే కేటాయించాడు. శీతం, వాతం, ఆతపం అనే మూడు హేతువుల వల్ల వృక్షానికి రోగం కలుగుతుందని అందులో చెప్పబడింది. లక్షణాలు నాలుగు: పత్రాలు పాలిపోవడం, చిగుళ్ళు ఎదగకపోవడం, శాఖలు శుష్కించడం, రసం స్రవించడం. చికిత్స క్రమం కూడా స్పష్టమే. మొదట శస్త్రంతో శోధనం చేయాలి. పిమ్మట వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన లేపనం పూయాలి. ఆపైన పాలు కలిపిన నీటితో తడపాలి. వికృతభాగాన్ని తొలగించి, వ్రణాన్ని కప్పి, పోషణ నీయడం మానవ శరీరానికి శల్యవైద్యుడు చేసే పనే.

కాని ఏ శాఖను ఛేదించాలి, ఎప్పుడు ఛేదించాలి? ఆ శ్లోకాలలో కాలనియమం కానరాదు. తుహినహతమైన చెట్టు విషయంలో సమస్త క్లేశమూ ఈ ప్రశ్నలోనే ఉంది.

ఇక్కడ ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయం స్మరణీయం. ఉద్దాలక ఆరుణి కుమారుడైన శ్వేతకేతువుకు ఒక మహావృక్షాన్ని ఉదాహరణగా చూపుతాడు. మూలంలో గాని, మధ్యంలో గాని, అగ్రంలో గాని దెబ్బ తగిలితే అది జీవించి ఉన్నందున రసం స్రవిస్తుంది. జీవం ఒక శాఖను విడిచితే ఆ శాఖ మాత్రమే ఎండుతుంది. రెండవదానిని విడిచితే రెండవది. సర్వాన్నీ విడిచితే సర్వమూ ఎండుతుంది. ఆరుణి ఉద్దేశం ఆత్మోపదేశమే గాని ఉద్యానశాస్త్రం కాదు. అయినా ఎండిన కొమ్మను చూసి చెట్టు చచ్చిందని తీర్పు చెప్పరాదన్న విషయం ఆ దృష్టాంతంలోనే ఇమిడి ఉంది. రసస్రావం ఆరుణికి జీవలక్షణం, వరాహమిహిరుడికి రోగలక్షణం. ఇందులో విరోధం లేదు: ఒకటి గాయపరచినప్పుడు వెలువడేది, రెండవది గాయం లేకుండానే కారేది. మహాభారత శాంతిపర్వంలో భృగువు భరద్వాజునితో, ఛేదింపబడిన చెట్టు తిరిగి మొలకెత్తడాన్నే వృక్షాలలోని జీవానికి ప్రమాణంగా చూపుతాడు.

సురపాలుని వృక్షాయుర్వేదం వృక్షశరీరానికి త్రిదోషాలను అన్వయించి, కఫజ రోగాలను హేమంత వసంతాలతో ముడిపెట్టింది. ఈ గ్రంథపు తాళపత్రమో కాగితమో అనే చర్చ కన్నా దాని ప్రయాణం ఆసక్తికరం: ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో 1996లో సికిందరాబాదులోని ఏషియన్ ఆగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. లంబసింగి వంటి మన్యపు ఎత్తులలో తప్ప గడ్డకట్టే చలి ఎరుగని తెలుగునేల మీదనే ఈ గ్రంథం మళ్ళీ వెలుగు చూడడం విశేషం.

నిజంగా నేల గడ్డకట్టే దేశాలలో ఈ ప్రశ్నకు అనుభవమే సమాధానం వెదికింది. 1683-84 శీతకాలంలో లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టి, దానిపై అంగళ్ళు వెలిశాయి. జాన్ ఎవలిన్ 1684 ఫిబ్రవరి 4న డెప్ట్‌ఫర్డ్‌లోని తన సేయస్ కోర్ట్ తోటను చూడబోయాడు. అరుదైన మొక్కలు అనేకం నశించాయనీ, నారింజలు తీవ్రంగా రోగగ్రస్తమయ్యాయనీ దినచర్యలో వ్రాసుకున్నాడు. రోజ్‌మేరీ, లారెల్ మొక్కల విషయంలో మాత్రం చచ్చాయని నిశ్చయించక, చూపుకు చచ్చినట్లున్నాయని వ్రాశాడు. ఆ జాగ్రత్త గమనింపదగినది. ఆ ఏడే తన తోట నష్టాన్ని వివరిస్తూ రాయల్ సొసైటీకి పంపిన లేఖ ఆ సంస్థ పత్రికలో అచ్చయింది.

చూపు ఎందుకు మోసపోతుందో వృక్షశాస్త్రం చెబుతుంది. చలికి మొదట గడ్డకట్టేది కణాల నడుమ ఉన్న నీరు. ఆ మంచు కణం లోపలి నీటిని బయటికి లాగుతుంది. కణం శుష్కించి దాని పొర భగ్నమవుతుంది. అందుకే తుహినహతమైన ఆకు అగ్నిదగ్ధమైనట్లు కనిపిస్తుంది. కాని లేత అగ్రాలకు తగిలిన దెబ్బ ముదురు కాండానికి తగలకపోవచ్చు. మట్టి కప్పిన వేరుకు అసలే చేరకపోవచ్చు. కావున నేర్చిన తోటమాలి వెంటనే కత్తి పట్టడు. ఎండిన కొమ్మలే లోపలి మొగ్గలకు తరువాతి మంచు నుండి కొంత ఆచ్ఛాదనమవుతాయి. తొందరపడి కోస్తే, ఎరువు వేస్తే, పుట్టిన లేతచిగురు మరుసటి మంచుకు మాడుతుంది. మంచు భయం తొలగినాక గోటితో బెరడును కొద్దిగా గీరి చూస్తాడు: లోన పచ్చగా, తడిగా ఉంటే జీవం ఉన్నట్లు, గోధుమవర్ణంలో పొడిగా ఉంటే లేనట్లు. అగ్రం నుండి క్రిందికి గీరుతూ వచ్చి, పచ్చదనం మొదలైన చోటికి కోత ఆపుతాడు. ఆరుణి చెప్పిన శాఖావిచారణ ఇక్కడ గోటికొనపై జరుగుతోంది.

అయితే ప్రాచీనం సర్వమూ ఆధునికం చేత సమర్థింపబడిందనడం అతిశయోక్తి. శస్త్రశోధనం నేటికీ నిలిచింది. కోతపై లేపనం పూయడాన్ని నేటి వృక్షవైద్యులు సాధారణంగా అనవసరమంటారు, చెట్టు తన వ్రణాన్ని తానే లోలోపల కట్టడి చేసుకుంటుంది గనుక.

1956లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతం ఈ పరీక్షను మహాపరిమాణంలో ఎదుర్కొంది. జనవరి వెచ్చగా గడవడంతో ఆలివ్ చెట్లలో రసప్రసరణం మొదలైంది. ఫిబ్రవరిలో హఠాత్తుగా ఘోరశీతం దిగింది. రసం నిండిన కాండాలు చీలిపోయాయి. పెద్ద పెద్ద తోటలు బూడిదవర్ణం దాల్చాయి. కొందరు రైతులు చెట్లను పెకలించి ద్రాక్ష నాటారు, కొందరు తోటలనే విడిచిపోయారు. మరికొందరు మానును నేలమట్టానికి కోసి వేచి ఉన్నారు. ఆలివ్ మొదలులో నిద్రాణమైన మొగ్గలుంటాయి. వాటి నుండి పిలకలు లేచాయి. వాటిలో బలమైనవాటిని ఎంచి నిలిపితే, అవి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. జీవిక అంతా తోటమీదనే ఉన్న కుటుంబానికి ఆ నిరీక్షణ చిన్నది కాదు. పెకలించినవారిని అవివేకులనడం న్యాయం కాదు.

1985 జనవరిలో ఇటలీలోని టస్కనీకి అదే దశ పట్టింది, అదే చికిత్స జరిగింది. నేటికీ అక్కడి అనేక తోటలలో ఒకే మూలం నుండి మూడు నాలుగు సన్నని మానులు వలయంగా లేచి కనిపిస్తాయి. వాటి నడుమనున్న ఖాళీ, ఆ శీతకాలానికి ముందు పాత మాను నిలిచిన చోటు.