రాగిరేకులపై కోటలు

ఛాయాచిత్రకళ పుట్టక పూర్వం దూరదేశాలను ఐరోపా ప్రజలకు చూపినవి రాగిరేకు చిత్రాలు. నునుపైన రేకుపై సన్నని ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితంపై ఒత్తి ప్రతులు తీసేవారు. ఒక్క రేకు నుండి వందలాది ప్రతులు వెలువడేవి.

1668లో ఆంస్టర్‌డాంలో ప్రచురితమైన ఓల్ఫర్ట్ డాపర్ గ్రంథంలో పశ్చిమాఫ్రికా తీరపు ఎల్మినా కోట చిత్రం ఉంది. 1482లో పోర్చుగీసువారు కట్టిన ఆ కోటను 1637లో డచ్చివారు వశపరచుకొన్నారు. విచిత్రమేమనగా, డాపర్ ఆఫ్రికాను ఎన్నడూ చూడలేదు! ఇతరుల రాతలే ఆయనకు ఆధారం. 1672లో అదే నగరంలో వెలువడిన ఫిలిప్ బాల్డియస్ గ్రంథం మాత్రం సింహళంలో మతబోధకుడుగా పనిచేసినవాని రచన. పులికాట్, నాగపట్నం, తూత్తుకుడి రేవుల చిత్రాలు అందులో కనబడతాయి.

తెలుగువారు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్‌లో వర్తకం చేసుకొనుటకు 1610లో డచ్చివారికి అనుమతినిచ్చినవాడు అరవీటి వంశపు రెండవ వేంకటపతిరాయలు. 1612లో పోర్చుగీసువారు వారి స్థావరాన్ని ధ్వంసం చేయగా, 1613లో గెల్డ్రియా కోట వెలసింది. 1639లో ఆంగ్లేయులకు మద్రాసులో కోట కట్టుకొనుటకు అనుమతినిచ్చినవాడూ తెలుగు నాయకుడైన దామర్ల వేంకటాద్రియే. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నం ఏర్పడింది.

ఈ రెండు తీరాలనూ కలిపినది బట్ట. కోరమాండల్ మగ్గాలపై నేసిన ముతక నూలుబట్ట 'గినీ బట్ట' అను పేరుతో ఐరోపా మీదుగా పశ్చిమాఫ్రికా చేరేది. అక్కడ దానిని ఇచ్చి మనుషులను కొనేవారు. తాను నేసిన బట్ట ఎవరి సంకెళ్లకు వెలగా మారుతున్నదో నేతగానికి తెలియదు. పులికాట్ నుండి కూడా, ముఖ్యంగా కరవు కాలాలలో, బానిసలను ఓడలకెక్కించి బటావియాకు తరలించారు.

చిత్రాలలో బురుజులు, జెండాలు, ఓడలు ఘనంగా నిలిచి ఉంటాయి. కాని మగ్గం ముందు కూర్చున్న నేతగాడు లేడు. కోట గోడల వెనుక బందీగా ఉన్నవాడు లేడు. అనుమతి ప్రసాదించిన రాజు పేరూ గీతలలో కనబడదు. చిత్రం అబద్ధమాడకపోయినా, చెక్కించినవాడు చూపదలచినదే చూపుతుంది.

నేడు గెల్డ్రియా కోట శిథిలమైపోయింది. సమీపంలో డచ్చివారి సమాధులు మిగిలి ఉన్నాయి. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చి మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి బిడ్డలు ఆ పాత చిత్రాలను తప్పక చూడాలి. చూచినప్పుడు "ఇందులో ఏమున్నది?" అనే ప్రశ్నతో ఆగరాదు, "ఇందులో ఎవరు లేరు?" అని కూడా అడగాలి. చరిత్ర విద్యార్థికి అదే మొదటి పాఠం.